దూడకి సూది, మనిషికి రక్ష: మాల్టా జ్వరం కథ



వ్యాక్సిన్ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. లాటిన్‌లో ‘వాకా’ అంటే ఆవు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఒక పాలమ్మాయి చేతికి ఆవునుంచి అంటుకున్న పొక్కులోంచి రసం తీసి, మశూచి రాకుండా ఒక పిల్లవాడికి ఎక్కించాడు. అంటే మనిషిని కాపాడే మందు ఆవు దగ్గరినుంచి వచ్చింది. ఇవాళ మనం చెప్పుకునేది దీనికి తిరగేసిన కథ. ఇందులో సూది ఆవుకి వేస్తారు, కాపాడుకునేది మనిషిని కూడా. ఎందుకంటే ఈ జబ్బుకి మనుషులకి వేసే, ప్రపంచమంతా ఒప్పుకున్న టీకా ఇప్పటికీ లేదు.

ఆ జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. పశువైద్యులు తెలుగులో ఈసుడు రోగం అంటారు. చూడి ఆవు, చూడి గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది. సాధారణంగా అయిదో నెల దాటాక, ఏడూ ఎనిమిదీ నెలల్లో. తరవాత మాయ సరిగ్గా పడదు. ఆ ఈత పోయినట్టే, పాలు పోయినట్టే. పశువుకి జరిగేది ఇది. మరి మనిషికి? జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. రాత్రిపూట పక్క తడిసిపోయేలా చెమటలు. నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు, ఏ పనీ చేయలేని నీరసం. మగవాళ్ళకి వృషణాలు వాస్తాయి. చచ్చిపోయేవాళ్ళు తక్కువే, కానీ నెలల తరబడి మంచాన పడేవాళ్ళు చాలామంది. పైకి చూస్తే టైఫాయిడ్‌లా ఉంటుంది, ఒక్కోసారి క్షయలా ఉంటుంది. అడిగి, అనుమానించి, ప్రత్యేకంగా రక్తపరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

ఈ కథలో నాకు ఆసక్తి కలిగించిన విషయం ఒకటుంది. జబ్బు ఎలా వస్తుందో మనుషులకి వందేళ్ళ కిందటే తెలుసు. ఆపడానికి టీకా కూడా ఎనభై ఏళ్ళకి పైగా ఉంది. అయినా ఆగలేదు. ఎందుకు ఆగలేదు అంటే, ఖర్చు ఎవరి పద్దులో రాయాలి అన్న దగ్గర ప్రతిసారీ బండి ఆగిపోయింది. ఆ పద్దుల సంగతి వరసగా చూద్దాం.

ముందు మధ్యధరా సముద్రంలో ఉన్న మాల్టా దీవికి వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దంలో అది బ్రిటిష్ నౌకాదళానికి పెద్ద స్థావరం. అక్కడికొచ్చిన సైనికులు, నావికులు వందల సంఖ్యలో ఒక మొండి జ్వరంతో ఆస్పత్రి పాలయ్యేవారు. మాల్టా జ్వరం అని పేరు పడిపోయింది. డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ జ్వరంతో చనిపోయినవాళ్ళ ప్లీహం తీసి పరీక్షించి, 1887 నాటికి ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. ఆయన భార్య మేరీ ఎలిజబెత్ ప్రయోగశాలలో ఆయనతో పాటే పనిచేసింది. జీవి అయితే దొరికింది. కానీ అది మనిషిలోకి ఎలా వస్తోంది? గాలిలోనా, నీళ్ళలోనా, దోమల వల్లా? అది తెలియడానికి ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టింది.

1904లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. అందులో మాల్టాకే చెందిన థెమిస్టోక్లిస్ జమ్మిత్ అనే వైద్యుడు ఉన్నాడు. 1905లో ఆయన మేకల రక్తం పరీక్షించాడు. మాల్టాలో ఆ రోజుల్లో పాలవాళ్ళు మేకల మందని వీధుల్లో తోలుకొచ్చి, ఇంటి గుమ్మం ముందే పితికి పోసేవారు. కళ్ళముందు పితికిన పాలు కదా, కల్తీ లేదని అందరికీ నమ్మకం. ఆ మేకలు చూడ్డానికి నిక్షేపంగా ఉన్నాయి. కానీ కమిషన్ లెక్క ప్రకారం దాదాపు సగం మేకల రక్తంలో జబ్బు ఆనవాళ్ళున్నాయి. పదింట ఒక మేక పాలలోనే ఆ జీవి బయటికి వస్తోంది!

అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. అమెరికాలో పెంచడానికని 65 మాల్టా మేకల్ని ‘జాషువా నికల్సన్’ అనే ఓడలో ఎక్కించారు. దారిలో ఓడ సిబ్బంది ఆ పాలు హాయిగా తాగారు. తాగినవాళ్ళలో చాలామందికి జ్వరం వచ్చింది. కావాలని చేసినా ఇంతకంటే స్పష్టమైన ప్రయోగం కుదరదు.

1906లో మాల్టా సైనిక స్థావరాల్లో మేకపాలు ఆపేశారు. ఒక్క ఏడాదిలో, అంటే 1907కల్లా, వందల్లో ఉండే సైనికుల కేసులు వేళ్ళమీద లెక్కపెట్టేంతకి దిగిపోయాయి. వైద్య చరిత్రలో దీన్ని గొప్ప విజయంగా చెప్తారు. నిజమే. కానీ ఎవరి విజయం? సైన్యం మేకలకి వైద్యం చేయలేదు, పాలు మానేసింది. డబ్బాపాలు తెప్పించుకునే స్తోమత దానికి ఉంది. మేకలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఆ పాలమీదే బతికే మాల్టా జనానికి జ్వరాలు ఇంకో మూడు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నాయి. పాలు శుద్ధి చేసే కేంద్రం అక్కడ 1938లో కానీ రాలేదు. ఇది మొదటి పద్దు. సైన్యం తన ఖాతా వరకు చూసుకుని మూసేసింది.

ఇంతవరకు మేకల కథ. ఆవుల సంగతి విడిగా డెన్మార్క్‌లో నడుస్తోంది. అక్కడ ఆవులు మందలు మందలుగా ఈసుకుపోతుంటే, పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లో దానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. బ్రూస్ జీవి ఒకటి, బాంగ్ జీవి ఒకటి. ఒకటి మనుషుల డాక్టర్లది, ఒకటి పశువుల డాక్టర్లది. సూక్ష్మదర్శినిలో చూసి ఒకదాన్ని గుండ్రం అన్నారు, ఇంకోదాన్ని కడ్డీ అన్నారు. ఈ రెండూ చుట్టాలేమో అన్న ఆలోచన ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ రాలేదు.

వచ్చింది ఆలిస్ ఇవాన్స్‌కి. ఈమె అమెరికా వ్యవసాయ శాఖలో పాడి విభాగంలో పనిచేసే సూక్ష్మజీవ శాస్త్రవేత్త. డాక్టరేటు లేదు, పైగా ఆడమనిషి. రెండు జీవుల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే, వాటిని విడదీసి చెప్పడమే కష్టం అని తేల్చింది. 1917లో ఒక సభలో చెప్పింది, 1918లో ప్రచురించింది. దాని అర్థం ఏంటో చూడండి. ఈసుకుపోయే ఆవు పచ్చిపాలు మనిషికి జ్వరం తెప్పించవచ్చు. అంటే పాలు శుద్ధి చేసి అమ్మాలి. పేరుమోసిన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. నిజమైతే మాకెప్పుడో తెలిసేది కదా అన్నారు. పాల వ్యాపారులైతే, పాలు శుద్ధిచేసే యంత్రాల కంపెనీలతో ఈమె కుమ్మక్కయింది అని కూడా అన్నారు.

1922లో పరిశోధన చేస్తుండగానే ఆ జబ్బు ఇవాన్స్‌కే సోకింది. ఇరవై ఏళ్ళకి పైగా వస్తూ పోతూ ఉండింది. ఇందులో బాధాకరమైన సంగతి, మొదట్లో డాక్టర్లు ఆమెకి ఉన్నది నరాల బలహీనత అన్నారు. అంటే శరీరంలో ఏమీ లేదు, నీ మనసులోనే ఉంది అని. ఆ సూక్ష్మజీవి గురించి అమెరికాలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికే ఆ మాట చెప్పారు! చివరికి ఇతర దేశాల్లో, అమెరికాలో కూడా ఆమె మాట నిజమని తేలింది. 1928లో అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్తల సంఘానికి ఆమె అధ్యక్షురాలైంది. ఆ పదవిలో మొదటి మహిళ ఆమే. అప్పటికే ఈ కుటుంబానికంతటికీ బ్రూస్ పేరుమీద బ్రూసెల్లా అని పేరు పెట్టేశారు. ఇవాన్స్ పేరు, జమ్మిత్ పేరు మాత్రం అందులో చేరలేదు.

సరే, ఇప్పుడు టీకా దగ్గరికి వద్దాం. 1923లో అమెరికాలోనే జాన్ బక్ అనే శాస్త్రవేత్త ఒక జెర్సీ ఆవు పాలలోంచి ఈ సూక్ష్మజీవిని వేరుచేశాడు. వరసలో దానికి 19 అని పేరు. మొదట్లో అది బాగా జబ్బు చేసే రకమే. దాన్ని ప్రయోగశాలలో మామూలు గది వేడిలోనే ఏడాది పైగా ఉంచేశారు. తరవాత చూస్తే దాని పదును పోయింది. బతికే ఉంది, పశువు ఒంట్లోకి వెళ్తే రక్షణ శక్తిని లేపుతోంది, కానీ జబ్బు చేసే బలం చాలావరకు లేదు. అదే స్ట్రెయిన్ 19 టీకా. ఇవాళ మన దేశంలో దూడలకి వేస్తున్నది కూడా దాని సంతతే. అంటే వందేళ్ళ కిందటి ఒక జెర్సీ ఆవు పాలలోంచి వచ్చిన జీవి, ఇప్పటికీ మన పల్లెల్లో పనిచేస్తోంది.

దీన్ని ఎవరికి వేయాలి అన్నదానికి లెక్క ఉంది. నాలుగు నెలలనుంచి ఎనిమిది నెలల మధ్య వయసున్న పెయ్యదూడలకి, పడ్డదూడలకి మాత్రమే వేస్తారు. జీవితంలో ఒక్కసారి చాలు. చూడి పశువుకి వేస్తే, ఆ బలహీనమైన జీవే మాయలో చేరి ఈసుకుపోయేలా చేయవచ్చు. మగదూడలకి వేస్తే వృషణాలకి దెబ్బ. పెద్ద పశువుకి వేస్తే, తరవాత రక్తపరీక్షలో అది టీకా వల్ల వచ్చిన ఫలితమో, జబ్బు వల్ల వచ్చిందో తెలియదు. దూడప్పుడు వేస్తే ఎదిగేసరికి ఆ ఆనవాళ్ళు చాలావరకు రక్తంలోంచి పోతాయి, రక్షణ మిగులుతుంది. నూటికి నూరు రక్షణ కాదు. వందలో 65 నుంచి 75 పశువుల్ని కాపాడుతుందని సాధారణంగా చెప్పే లెక్క. కానీ మందలో ఎక్కువ పశువులకి రక్షణ ఉంటే, ఈసుకుపోయేవి తగ్గుతాయి. అవి తగ్గితే కొట్టంలో పడే సూక్ష్మజీవులు తగ్గుతాయి. మనిషికి రక్షణ దొరికేది అక్కడే.

అమెరికా 1934లో ఈ జబ్బుమీద దేశవ్యాప్తంగా కార్యక్రమం మొదలుపెట్టింది. మనుషుల ఆరోగ్యం కోసం అనుకుంటున్నారా? కాదు. అది ఆర్థిక మాంద్యం కాలం, పైగా కరువు. పశువులు ఎక్కువ, ధరలు తక్కువ. మందలు తగ్గించాలి. తగ్గించేదేదో జబ్బు పశువుల్నే తగ్గిద్దాం, రైతుకి నష్టపరిహారం ఇద్దాం అని మొదలైంది. 1940 దశకంలో దూడలకి టీకా దీనికి తోడైంది. మరోపక్క పాలు శుద్ధి చేసి అమ్మడం పెరిగింది. 1947లో అమెరికాలో మనుషుల్లో నమోదైన కేసులు 6,321. ఇప్పుడు ఏటా వంద చిల్లర. ఇది రెండో పద్దు. ఖర్చు పశువుల ఖాతాలో పడింది, లాభం మనుషులకీ వచ్చింది. ఆ లాభం అనుకోకుండా వచ్చిందే అయినా, లెక్క పెద్దదే.

మరి అనుకుని చేస్తే ఎలా ఉంటుంది? దానికి మంగోలియా వెళ్ళాలి. అక్కడ మనుషులకంటే పశువులు ఎన్నో రెట్లు ఎక్కువ. గొర్రెలు, మేకలు, ఆవులు, గుర్రాలు, ఒంటెలు. వసంతంలో గొర్రెలు ఈనే కాలం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేతులతో పురుడు పోయాల్సిందే. సోవియట్ కాలంలో, 1970లనుంచి పెద్ద ఎత్తున టీకాలు వేసి మనుషుల్లో ఈ జ్వరాన్ని బాగా తగ్గించారు. 1990 తరవాత ఆ వ్యవస్థ కూలిపోయింది, పశువులు ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళాయి, టీకాలు ఆగాయి, జ్వరం మళ్ళీ లేచింది.

అప్పుడు కొంతమంది పరిశోధకులు కూర్చుని లెక్క కట్టారు. అది 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. పదేళ్ళపాటు గొర్రెలకి, మేకలకి, పశువులకి టీకాలు వేస్తే అయ్యే ఖర్చు సుమారు 83 లక్షల డాలర్లు. వచ్చే లాభం 2 కోట్ల 66 లక్షల డాలర్లు. అంటే పెట్టిన ప్రతి రూపాయికి మూడు రూపాయల పైన. కానీ ఈ లాభం ఒక్కచోట లేదు, చూడండి. కొంత ఆరోగ్య శాఖకి, మందుల ఖర్చు తగ్గడం వల్ల. కొంత రోగికి, అతని కుటుంబానికి, పనిరోజులు పోకపోవడం వల్ల. కొంత పశుపోషణకి, పాలు, మాంసం పెరగడం వల్ల. ఆరోగ్య శాఖ ఒక్కతే ఈ టీకాల ఖర్చంతా భరించాలంటే, తనకి మిగిలే డబ్బుతో గిట్టదు. కానీ ఎవరికి ఎంత లాభమో అంత వాటా వేసుకుంటే, ఒక మనిషి ఆరోగ్యంగా బతికే ఒక సంవత్సరాన్ని కాపాడటానికి ఆరోగ్య శాఖకి పడేది దాదాపు 19 డాలర్లు. ప్రజారోగ్యంలో ఇంత చౌక బేరాలు అరుదు. విడివిడి పద్దుల్లో చూస్తే గిట్టని పని, ఒకే పద్దులో రాస్తే లాభసాటి అయింది.

టీకా గురించి మంచి మాత్రమే చెప్పి వదిలేస్తే సరికాదు. ఇది బతికున్న జీవితో చేసిన టీకా. పశువుకి మెత్తగా ఉన్నా, మనిషికి జబ్బు చేయగలదు. సూది పొరపాటున వేసేవాడి చేతికి గుచ్చుకుంటే, మందు కంట్లో చిందితే, అతనికే జ్వరం రావచ్చు. 2019లో చైనాలోని లాంజౌ నగరంలో ఏం జరిగిందంటే, పశువుల బ్రూసెల్లా టీకా చేసే ఒక కర్మాగారంలో గడువు తీరిన శుద్ధి రసాయనం వాడారు. బయటికి పోయే గాలిలో ఆ జీవులు చావలేదు. గాలివాలులో ఉన్నవాళ్ళకి అంటుకుంది. పది వేలమందికి పైగా రక్తపరీక్షలో బయటపడ్డారు. టీకా తప్పు కాదు అది, నిర్లక్ష్యం తప్పు. కానీ చేతికి తొడుగు లేకుండా, కంటికి అద్దాలు లేకుండా మన ఊళ్ళో దూడని పట్టుకుని సూది వేసే మనిషి విషయంలో కూడా మనం అదే గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2019 సెప్టెంబర్ 11న మథురలో ప్రధానమంత్రి జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం ప్రారంభించారు. గాలికుంటుతో పాటు బ్రూసెల్లా కూడా ఇందులో ఉంది. అయిదేళ్ళకి 13,343 కోట్ల రూపాయలు. ఏటా 3 కోట్ల 60 లక్షల ఆడదూడలకి బ్రూసెల్లా టీకా వేయాలని అప్పుడు లక్ష్యం పెట్టుకున్నారు. చెవికి పన్నెండంకెల పోగు వేసి నమోదు చేస్తారు. టీకా ఉచితం. దీన్ని తయారుచేసేవాళ్ళలో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఒకటి. జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1982లో పెట్టిన సంస్థ అది.

మన దేశానికి ఈ టీకా అమెరికాకంటే ఎక్కువ అవసరం. అక్కడ జబ్బు పశువుని కోసేసి, రైతుకి డబ్బిచ్చేశారు. మన దగ్గర అది కుదరదు. ఇంకేం జరుగుతుంది? గేదె ఈసుకుపోతుంది. రైతు రెండోసారి చూస్తాడు. తరవాత సంతకి తోలుకెళ్ళి అమ్మేస్తాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, అతనికి మేత ఖర్చు ఉంది, అప్పు ఉంది. కానీ ఆ గేదెతో పాటు జబ్బు ఇంకో ఊరు చేరుతుంది. కాబట్టి పుట్టే ప్రతి ఆడదూడకీ వయసు దాటకముందే టీకా పడటం ఒక్కటే మనకున్న పెద్ద ఆయుధం.

మరి పాలు కాచుకుంటాం కదా, మనకెందుకు భయం అంటారా? మంచి ప్రశ్నే. మన పెద్దవాళ్ళు పిడకల దాలిమీద పొద్దంతా పాలు కాచేవారు. జున్నుపాలు కూడా వండుకునే తింటాం. ఆ అలవాటు పాలు తాగేవాళ్ళని నిజంగానే కాపాడింది, ఇప్పటికీ కాపాడుతోంది. కానీ ఈ జబ్బు మన దగ్గర ఎక్కువగా వచ్చేది పాలు తాగేవాళ్ళకి కాదు, పశువుకి పురుడు పోసేవాళ్ళకి. ఈసుకుపోయిన పిండంలో, ఉమ్మనీటిలో, మాయలో ఈ జీవులు కోట్లకొద్దీ ఉంటాయి. అర్ధరాత్రి కొట్టంలో వట్టి చేతులతో దూడని లాగేది రైతు. తెల్లారి ఆ చోటంతా చీపురుతో ఊడ్చి కడిగేది ఎక్కువగా ఇంటి ఇల్లాలు. మాయ పడకపోతే చెయ్యి పెట్టి తీసేది పశువైద్య సిబ్బంది, కొన్నిచోట్ల గోపాలమిత్రలు. చేతిమీద చిన్న గీత ఉన్నా చాలు.

అందుకని చేయగలిగినవి చేద్దాం. చేతి తొడుగులు లేకుండా ఈసుకుపోయిన పిండాన్ని, మాయని ముట్టుకోవద్దు. కుక్కలకి పడేయకుండా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. పశువు ఈసుకుపోతే డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం వారాల తరబడి తిరగబెడుతుంటే, మా ఇంట్లో పశువులున్నాయి, ఈ మధ్య ఒకటి ఈసుకుపోయింది అని డాక్టరుకి మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు. ఈ జబ్బు నయమయ్యేదే, కానీ రెండు రకాల మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

చివరగా ఒక్కమాట. మన ఊళ్ళో పశువుల ఆస్పత్రి ఒకచోట, మనుషుల ఆస్పత్రి ఒకచోట. రెండు శాఖలు, రెండు పద్దులు. కొట్టంలో మాత్రం అన్నీ ఒకటే. దూడకి టీకా వేసే సిబ్బంది మీ వాకిట్లోకి వచ్చినప్పుడు, మా దూడ బాగానే ఉంది, జ్వరం వస్తుందేమో, వద్దులే అని తిప్పి పంపకండి. ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడవచ్చు, అంతే. ఆ సూది దూడకి పడ్డా, రేపు దానికి పురుడు పోయబోయేది మీ చేతులే.

ఈ కథ పాడి ఉన్న మీ చుట్టాలకి, స్నేహితులకి చెప్పండి.